అమ్మ లెక్కలో 858 అడుగులు

దోమలపెంట దాటాక మూడు కిలోమీటర్లు పోవడానికి మా బస్సుకు గంటా నలభై నిమిషాలు పట్టింది. శ్రావణ శనివారం. పైగా శ్రీశైలం గేట్లు ఎత్తారని ముందురోజు సాయంత్రం నుంచి టీవీలు హోరెత్తించాయి. హైదరాబాదులో కారున్న ప్రతి కుటుంబమూ నల్లమల దారి పట్టినట్టుంది. ఎవరికి తోచినచోట వాళ్ళు బండ్లు నిలిపేసి, పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని, డ్యాం కనిపించే మలుపు వైపు నడుస్తున్నారు. మధ్యలో మిగిలిన సన్నని దారిలో మా బస్సూ, శ్రీశైలం నుంచి తిరిగొస్తున్న బస్సూ ఎదురెదురుగా నిలబడిపోయాయి.

అమ్మకూ నాకూ కలిపి టికెట్టు వెయ్యి రూపాయలు దాటింది. పోనీ అనుకున్నాను. కాల్చిన మొక్కజొన్న పొత్తు యాభై రూపాయలన్నాడు. నీళ్ళ సీసాకు దాని మీద అచ్చు వేసిన ధర కన్నా పది ఎక్కువ అడిగాడు. వీటన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది మరొకటి. ఇన్ని వేలమంది ఆడవాళ్ళు ప్రయాణించే దారిలో, మన్ననూరు దాటిన తరువాత మేము ఆగిన ఏ చోటా వాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి కనిపించలేదు. ఆ భయంతో మా అమ్మ కల్వకుర్తి నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నిండిన జలాశయం చూడటానికి వెళుతూ నాలుక పిడచగట్టుకుపోయి కూర్చుంది.

డిండి దగ్గర ఎక్కిన రైతు ఒకాయన మా పక్క సీటులో ఉన్నాడు. ఒళ్ళో గుడ్డసంచి. అందులో రెండు కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ, మడిచిన రవికె గుడ్డ. మల్లన్న దర్శనానికా అని అమ్మ అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"కాదమ్మా, కృష్ణమ్మకు. గేట్లు లేచిన ఏడాది తప్పకుండా వస్తాను. వచ్చి, కాయ కొట్టి, గుడ్డ వదిలి, అదే బస్సుకు వెనక్కి పోతాను."

ఆయనకు ఎంత ఆయకట్టు ఉందని అడిగాను. ఒక్క గుంట కూడా లేదట. నాలుగెకరాలూ బోర్ల మీదే. మరి కృష్ణకు మొక్కు ఎందుకని నా సందేహం. "కాలువ మా ఊరికి రాలేదు సార్. ఈ నది నుంచి నా పొలానికి వచ్చేది కరెంటే. ఈ కాయ దానికే" అన్నాడు.

నేను ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. అలవాటు ఊరుకోదు. బొగ్గు కరెంటు, నీటి కరెంటు, ఎండ కరెంటు అన్నీ గ్రిడ్డులో ఒకటైపోతాయని, ఏ మోటారును ఏ కేంద్రం తిప్పిందో ఎవరూ విడదీసి చెప్పలేరని వివరించాను. ఆయన ఓపికగా విని, "కలిసిపోతే కలిసిపోనివ్వండి. అందులో ఈమె వంతు కూడా ఉంటుంది కదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉంటుంది, నిజమే.

తరువాత ఆయన చెప్పిన మాటలు ఈ ప్రయాణం పొడవునా నన్ను వదలలేదు. ఒకప్పుడు వ్యవసాయానికి కరెంటు రాత్రి ఏ రెండింటికో వచ్చేది. లాంతరు పట్టుకుని, కర్రతో గడ్డి కొట్టుకుంటూ మోటారు దగ్గరికి పోవాలి. వాళ్ళ అన్నను పాము కరిచింది అలా పోయినప్పుడే. మనిషి దక్కాడు కానీ కాలు సరిగా పనిచేయదు. "ఎన్ని గంటలు ఇస్తారన్నది మాకు రెండో మాట సార్. ఏ వేళకు ఇస్తారన్నది మొదటి మాట. పగలు ఇస్తే ఆరు గంటలైనా చాలు, రాత్రి పన్నెండు గంటలిచ్చి ఏం లాభం?"

విద్యుత్తును నేను ఎప్పుడూ ఎంత అనే కొలతతోనే చెప్పాను. వాట్లు, యూనిట్లు. ఏ వేళకు అనేది నా పాఠంలో లేదు.

అమ్మ ఆయనకు తన సంగతి చెప్పింది. మామూలుగా కొత్తవాళ్ళకు చెప్పదు. ఎక్కడివారమ్మా అంటే కొల్లాపూర్ అని ఊరుకుంటుంది. ఆయనకు మాత్రం ఊరి పేరుతో సహా చెప్పింది. ఆ పేరు ఇప్పుడు ఏ బస్సు బోర్డు మీదా లేదు. ఆయన సంచిలోంచి ఒక కొబ్బరికాయ తీసి అమ్మ చేతిలో పెట్టాడు. "మీ ఊరి పేరు మీద కొట్టండి అక్కా" అని, బస్సు కదిలే ఆశ వదులుకుని దిగి, జనంతోపాటు నడిచి వెళ్ళిపోయాడు.

మా అమ్మ పుట్టిల్లు శ్రీశైలం జలాశయం అడుగున ఉంది. 1981 జూన్‌లో ఆ ఊరిని ఖాళీ చేయించారు. వందకు పైగా ఊళ్ళు, దాదాపు లక్షమంది అలా లేచిపోయారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది అమ్మ. ఆ కాన్పు నాది. ఇంటి దూలాలు విప్పుతుంటే వాకిట్లో వేపచెట్టు కింద మంచం వేసి తనను పడుకోబెట్టారట. తాతయ్య ముందుగా ద్వారబంధాన్ని గోడ బద్దలుకాకుండా ఊడదీయించి, గడపకు తడిగుడ్డ చుట్టి ఎడ్లబండిలో పెట్టించాడు. కొల్లాపూర్‌లో మేనమామ ఇంటి వంటగదికి ఇప్పటికీ ఆ ద్వారబంధమే. నేను పుట్టింది మాత్రం పునరావాస స్థలంలో, రేకుల కింద.

ఇంత జరిగినా అమ్మ డ్యాంను తిట్టగా నేను వినలేదు. ఆమె చేసేది ఒక్కటే. రోజూ పొద్దున పేపరు రాగానే, జలాశయాల నీటిమట్టాలు వేసే చిన్న పట్టిక చూస్తుంది. జూరాల, సాగర్, పులిచింతల మీద కన్ను నిలవదు. శ్రీశైలం గడి ఒక్కటే చదువుతుంది. సముద్రమట్టం నుంచి కొలిస్తే నిండు మట్టం 885 అడుగులు. 858కి దిగితే వాళ్ళ ఊరి ఆంజనేయస్వామి గుడి పైకప్పు బయటపడుతుంది. 849 దగ్గర రచ్చబండ. ఇంకా దిగిన ఏడాది తన వీధి. సప్తనదుల సంగమేశ్వరం తేలిందని పేపర్లు ఫొటోలు వేసే రోజులకు, మా ఊరు తేలి చాలా రోజులై ఉంటుంది. మిగతావాళ్ళు తమ ఊరి పిన్‌కోడు గుర్తుపెట్టుకున్నట్టు అమ్మ ఆ అడుగులు గుర్తుపెట్టుకుంది.

ఈగలపెంటలో మా పిన్ని కొడుకు ఎదురొచ్చాడు. ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. పిన్నిదీ అదే ఇల్లు కాబట్టి, తమ్ముడు తన అమ్మమ్మ ఊరిని ముంచిన నీళ్ళతోనే రోజూ పనిచేస్తాడు. 1986లో వచ్చిన జీవో 98 కింద నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న మాట కోసం మా బంధువుల్లో కొందరు సగం జీవితం దరఖాస్తులు పట్టుకుని తిరిగారు. వీడు ఆ దారిన కాకుండా పరీక్ష రాసి వచ్చాడు. మేము లోపలికి వెళ్ళడానికి మూడు వారాల ముందే ఆధార్ నకళ్ళు పంపించుకుని అనుమతి తీసుకున్నాడు. మరదలు పెట్టిన జొన్నరొట్టెలు, గోంగూర పప్పు తిన్నాం. అమ్మ మూడు గ్లాసుల నీళ్ళు తాగింది.

గేటు దగ్గర ఫోన్లు పెట్టేయమన్నారు. కొబ్బరికాయ కూడా పెట్టేయమన్నారు. అమ్మ దాన్ని కాపలా మనిషికి ఇచ్చి, "పగలకుండా చూడు నాయనా" అంది. అతను దాన్ని ఫోన్ల పక్కన బల్ల మీద జాగ్రత్తగా నిలబెట్టాడు.

కేంద్రం భూగర్భంలో ఉంది. వాహనం కొండలోకి సొరంగంలో పోతూ ఉంటే వెలుతురు వెనక చిన్న బిళ్ళలా మారి మాయమైంది. గాలి వెచ్చబడింది, తడి వాసన, నూనె వాసన. దిగి నిలబడగానే మొదట తెలిసింది చెవులకు కాదు, పాదాలకు. నేల సన్నగా వణుకుతోంది. అమ్మ వంగి చెప్పులు విప్పబోయింది.

"వద్దు పెద్దమ్మా, ఇక్కడ విప్పకూడదు" అని తమ్ముడు ఆపాడు. అమ్మ చెప్పులతోనే నడిచింది కానీ, మెత్తగా, గర్భగుడిలో నడిచినట్టు నడిచింది.

ఆరు యంత్రాలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటి 150 మెగావాట్లు, మొత్తం 900. వరద రోజులు కావడంతో ఆరూ నడుస్తున్నాయి. నది అవతల, ఆంధ్రప్రదేశ్ వైపు కుడిగట్టు కేంద్రంలో ఏడు యంత్రాలు, ఒక్కొక్కటి 110. అక్కడ మొదటి యంత్రం 1982లో తిరిగింది. ఈ ఎడమగట్టు కేంద్రం చాలా ఆలస్యంగా, 2001, 2003 మధ్య, జపాన్ రుణంతో వచ్చింది. పైన కనిపించేది జనరేటర్ల మూతలే. తిరిగేదాన్ని చూడాలంటే ఇంకా కిందికి దిగాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి. అమ్మను వద్దన్నాం, వినలేదు. గోతిలాంటి గుండ్రని గదిలో, మా ఇంటి స్తంభాలకన్నా లావైన ఉక్కు ఇరుసు నిటారుగా నిలబడి తిరుగుతోంది. ఎంత వేగమంటే కదలనట్టే ఉంది. దాని మీద మెరిసే వెలుగు ఒక్కటే కదులుతోంది. మా కాళ్ళ కింద, ఉక్కు గొట్టాల్లోంచి దూకి, టర్బైన్ రెక్కలను తోసి, నది మళ్ళీ నది అవుతోంది. ఒక్క చుక్క కూడా కనిపించదు. హోరు మాత్రం ఎదురు రొమ్ముకు తగులుతుంది.

ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని నీళ్ళు కావాలని తమ్ముడిని అడిగాను. లెక్క నేనూ కట్టగలను, అయినా అతని నోటితో వినాలనిపించింది. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. శ్రీశైలం 885, కింద నాగార్జునసాగర్ 590, రెండూ నిండి ఉంటే తేడా 295 అడుగులు. అంత ఎత్తు నుంచి దాదాపు నాలుగున్నర వేల లీటర్లు దిగితే ఒక యూనిట్.

హైదరాబాదులో వేసవిలో మా అపార్టుమెంటు కొనే నీళ్ళ ట్యాంకరు అయిదు వేల లీటర్లు. వెయ్యికి పైగా ఇచ్చి కొంటాం. అది వస్తే పండగ. ఆ ట్యాంకరు నిండా ఉన్న నీళ్ళు మూడు వందల అడుగుల నుంచి జారిపడితే వచ్చే యూనిట్‌కు బిల్లులో మేము కట్టేది పది రూపాయలు కూడా కాదు. వరండాలో రాత్రంతా ఊరికే వెలిగే దీపాలు గుర్తుకొచ్చాయి. ఈ లెక్క నేనెప్పుడూ పిల్లలకు ఇలా చెప్పలేదు. ఏటా బోర్డు మీద రెండు గడులు గీస్తాను. ఎడమ పక్క తరిగిపోయేవి, బొగ్గు, చమురు. కుడి పక్క పునరుత్పాదకాలు, ఎండ, గాలి, నీరు. నీరు అనే మాట రాసి సుద్దముక్క పక్కన పెట్టేవాడిని.

"రాత్రీ పగలూ ఇలాగే తిరుగుతాయా?" అంది అమ్మ.

తిరగవట. వరద ఉన్న రోజుల్లోనే ఇంత హడావిడి. ఆరూ రోజంతా నడిస్తే మూడు టీఎంసీలకు పైగా నీళ్ళు దిగిపోతాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. వరద ఆగాక అన్ని నీళ్ళు వదలడానికి వీల్లేదు, తాగడానికీ సాగుకూ దాచాలి. శ్రీశైలాన్ని మొదట తలపెట్టింది కరెంటు కోసమే. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు దాని పని అదే. తరువాత చుట్టూ ఉన్న కరువు నేలలన్నీ ఈ నీటి వైపు చెయ్యి చాచాయి. చాచడం న్యాయమే. అందుకే ఇప్పుడు యంత్రాలు ఎప్పుడు తిరగాలన్నది యంత్రాల ఇష్టం కాదు.

"మరి వరద లేనప్పుడు మీకేం పని?"

తమ్ముడి ముఖం వెలిగింది. ఎవరైనా ఈ ప్రశ్న అడగాలని ఎదురుచూస్తున్నట్టున్నాడు. ఈ ఆరు యంత్రాలూ తిరగబడగలవు. నీళ్ళు దిగేటప్పుడు కరెంటు చేసే యంత్రమే, కరెంటు ఇచ్చి ఎదురు తిప్పితే పంపు అవుతుంది. సాగర్ వైపు దిగిపోయిన నీళ్ళను మళ్ళీ పైకి, శ్రీశైలంలోకి తోస్తుంది.

"నదిని వెనక్కా?" అంది అమ్మ.

"వెనక్కే పెద్దమ్మా. అప్పుడు శబ్దం కూడా వేరుగా ఉంటుంది."

ఇది నాకు పుస్తకంలో తెలుసు. అయినా ఆ ఇరుసు పక్కన నిలబడి వినడం వేరు. నాలుగు యూనిట్లు ఖర్చుపెట్టి నీళ్ళు ఎక్కిస్తే, దించినప్పుడు తిరిగొచ్చేది మూడే. నష్టపోయే బేరంలా కనిపిస్తుంది. తమ్ముడు గడియారం చూపించి చెప్పాడు. మిట్టమధ్యాహ్నం సౌర విద్యుత్తు పొంగిపొర్లుతుంది, వాడేవాళ్ళు తక్కువ. సాయంత్రం ఏడింటికి ఊళ్ళన్నీ ఒక్కసారి దీపాలు, ఫ్యాన్లు, టీవీలు వేస్తాయి. అప్పటికి ఎండ లేదు. చల్లబడిన థర్మల్ యూనిట్‌ను లేపడానికి గంటలు పడుతుంది. నీటి యంత్రం నిమిషాల్లో గ్రిడ్డుతో అడుగు కలుపుతుంది. మధ్యాహ్నం మిగిలిన ఎండను నీళ్ళ రూపంలో కొండ మీద పెట్టుకుని, సాయంత్రం దించుకోవడం. ఆ నాలుగో యూనిట్ పోయేది అందుకు.

ఏ వేళకు ఇస్తారన్నది మొదటి మాట సార్. బస్సులో రైతు అన్నదీ ఇదే. ఆయనకు రాత్రి రెండింటి కరెంటు వద్దు, పగటి కరెంటు కావాలి. పగటి ఎండ పగలే ఆయన మోటారును తిప్పితే, మిగిలింది ఈ కొండ ఎక్కి సాయంత్రానికి ఆగితే, వాళ్ళన్న కాలు లాంటి కాళ్ళు ఎన్ని బాగుండేవి! పునరుత్పాదకం అంటే మళ్ళీ పుట్టేది అని చెబుతూ వచ్చాను. ఎప్పుడు పుడుతుంది, ఎప్పటిదాకా నిలుస్తుంది అన్నది కూడా పాఠంలో సగం అని నలభై దాటాక ఆ నేలమాళిగలో తెలిసింది.

తిరిగి పైకి వస్తుంటే తమ్ముడు ఒకచోట ఆగాడు. మాటలు ఆపేశాడు. 2020 ఆగస్టు 20 రాత్రి ఇక్కడ మంటలు లేచి తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి. తమ్ముడు అప్పటికి ఇక్కడికి బదిలీ కాలేదు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఇక్కడ విధుల్లో ఉన్న ఇంజనీర్లు, సిబ్బంది. పొగలో, ఈ సొరంగంలో, దారి కోసం వెతికారు. మేము నిలబడ్డ నెల కూడా ఆగస్టే. అమ్మ పమిట కొంగు తల మీదికి లాక్కుని కాసేపు కళ్ళు మూసుకుంది. పొగ రాని కరెంటు అని నీటి విద్యుత్తు గురించి నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! ఇకముందు ఆ మాట చెప్పినప్పుడు ఈ తొమ్మిదిమందిని తలచుకోకుండా చెప్పలేను.

కంట్రోల్ రూంలో ఒక తెర మీద అంకెలు మారుతున్నాయి. ఏదో ఒక అంకె దగ్గర అమ్మ ఆగిపోయింది. "884.3. ఇదేనా ఇవాళ్టి మట్టం?" అంది. పేపర్లో వచ్చేదానికన్నా తాజా అంకె చూడటం ఆమెకు ఇదే మొదటిసారి. అక్కడున్న మరో ఇంజనీరు, వయసులో పెద్దాయన, ఆశ్చర్యపోయి కుర్చీ చూపించాడు. అమ్మ కూర్చోలేదు. నేరుగా అడిగింది.

"ఈ మట్టానికి నీళ్ళెన్ని సార్?"

"నిండు మట్టానికి 215 టీఎంసీలమ్మా. కట్టిన కొత్తలో అదే మట్టానికి 308 ఉండేవి. మిగతాది ఒండ్రు నింపేసింది."

తొంభై టీఎంసీలకు పైగా మట్టి. నేను ఆ అంకెను జీర్ణించుకునేలోపే అమ్మ అంది: "అవును. మొదటిసారి మా ఊరు తేలినప్పుడు ఆంజనేయస్వామి గుడికి పదకొండు మెట్లు కనిపించాయి. పోయిన ఏడాది చూస్తే ఆరే ఉన్నాయి. అయిదు మెట్లు మట్టిలోకి పోయాయి."

ఆ పెద్దాయన చేతిలోని కలం పక్కన పెట్టి, ఆ మెట్టు ఎంత ఎత్తు ఉంటుందమ్మా అని అడిగాడు. అమ్మ మోచేయి నుంచి వేళ్ళ దాకా చూపించి, దానికి కాస్త తక్కువ అంది. గుడి ఏ మట్టంలో తేలుతుంది, రచ్చబండ ఎప్పుడు, బావి గట్టు ఎప్పుడు, అన్నీ ఆయన అడిగాడు. అన్నీ అమ్మ చెప్పింది. ఇద్దరూ నలభై ఏళ్ళుగా ఒకే అంకెను చూస్తూ వచ్చినవాళ్ళు. ఒకరికి అది యంత్రం మీద పడే నీటి ఎత్తు, ఇంకొకరికి ఇంటి దారి. నేను పక్కన నిలబడి వింటూ ఉన్నాను. మా తమ్ముడు తన చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

నిజం చెప్పాలి. నది మళ్ళీ నిండుతుంది, ఏటా నిండుతుంది, అది పునరుత్పాదకమే. దాన్ని పట్టి ఉంచే గిన్నె మాత్రం ఏటా పూడిపోతోంది. ఆ గిన్నె కోసం ఇచ్చిన నల్లరేగడి మళ్ళీ పుట్టలేదు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్ళకు అంకెలు వేసి విప్పి, అలంపురంలో మళ్ళీ అలాగే కట్టారు. అంత శ్రద్ధ గుళ్ళ మీద పెట్టగలిగినవాళ్ళు మనుషుల మీద కూడా పెట్టి ఉండవచ్చు. ఇలా అన్నంత మాత్రాన డ్యాం కట్టకూడదనేవాడిని కాను. డిండి రైతు కళ్ళలోకి చూసి ఆ మాట అనలేను. నాకు కోపం వచ్చేది, ఈ కరెంటు చవక అన్నప్పుడు. దాని ధరలో కొంత భాగం 1981లోనే కొందరు కట్టేశారు కాబట్టి అది మనకు చవక. అందుకే, కొత్త ఆనకట్టతో ఇంకో వంద ఊళ్ళు ముంచడం కన్నా, ఉన్న ఆనకట్టకు ఎండను నిలవచేసే కొత్త పని అప్పగించడమే మేలు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో చేస్తున్న పద్ధతి కూడా అందుకే నాకు నచ్చింది. గోరకల్లు జలాశయం నుంచి తెచ్చుకున్న నీళ్ళనే పైన ఒక చెరువు, కింద ఒక చెరువు మధ్య తిప్పుతారు, నదికి అడ్డం పోరు. ఆ గోరకల్లుకు వెళ్ళేవీ శ్రీశైలం నీళ్ళే. అమ్మమ్మ ఊరి మీదుగా పోయిన నీళ్ళు.

సాయంత్రం గేట్లు చూడటానికి వెళ్ళాం. పన్నెండింటిలో పది ఎత్తారు. తెల్లటి నురగ ఆకాశంలోకి లేచి, అవతలి గట్టు కనబడకుండా చేసింది. వేలమంది కేకలు వేస్తున్నారు, ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నాకూ ఒళ్ళు పులకరించింది. తమ్ముడు మాత్రం రైలింగు పట్టుకుని, "ఈ నీళ్ళు యంత్రాన్ని తాకలేదు అన్నా. ఇదంతా మేము పట్టుకోలేక వదిలేసింది" అన్నాడు. అందరూ ఎంత దూరం నుంచో వచ్చి చూసేది చేజారిన నీటినే. ఆ సంగతి తెలిశాక కూడా చూపు తిప్పుకోలేకపోయాను.

మర్నాడు మల్లన్న దర్శనం బాగా జరిగింది. గది అద్దె గురించి రాయబోతే మళ్ళీ కోపం వస్తుంది. పాతాళగంగ దగ్గర అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఊరి పేరు గట్టిగా పలికింది, పక్కన స్నానం చేస్తున్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. ఒక చెక్క నీళ్ళలో వదిలి, రెండో చెక్క ఇంటికి తెచ్చుకుంది.

బస్సెక్కేముందు తమ్ముడి పుస్తకం అడిగి చూశాను. మట్టాల పట్టిక ఉన్న పేజీలో, 858 ఎదురుగా, నీటి నిల్వ అంకె పక్కన, 'అమ్మమ్మ వాళ్ళ గుడి' అని రాసుకున్నాడు. 849 ఎదురుగా 'రచ్చబండ'.

ఇది జరిగి అయిదు నెలలు దాటింది. అమ్మ ఇప్పుడు పేపరు కోసం ఎదురుచూడటం లేదు. రోజూ ఉదయం డ్యూటీ దిగగానే తమ్ముడు ఫోను చేసి అంకె చెబుతాడు. నిన్న 861 అన్నాడు. కొల్లాపూర్‌కు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోమని అమ్మ నాకు చెప్పింది. ఈసారి నేనూ సెలవు పెట్టాను. మెట్లు లెక్కపెట్టడానికి కొలత పట్టీ ఒకటి తెమ్మని, కంట్రోల్ రూంలోని పెద్దాయన తమ్ముడి చేత కబురు పంపాడు.